నాన్న కారు కోసం ఊరూరా

కాశీ వెళ్లినవాళ్లు కాశీ సంగతులు రాస్తారు. తిరుపతి వెళ్లినవాళ్లు తిరుపతి సంగతులు రాస్తారు. నేను ఒక పాత కారు కోసం ఊళ్లు తిరిగొచ్చాను కాబట్టి ఆ సంగతులే రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం ఫరవాలేదు. మావారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది చోడవరం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత అనకాపల్లి జిల్లా. జిల్లా మారింది గానీ ఊరు ఎక్కడికీ కదల్లేదు లెండి. మా ఊళ్లో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉంది. స్వామి నడుము పైభాగమే మనకి కనిపిస్తుంది, మిగతాది భూమిలో ఉందంటారు. ఎవరు ఏ బండి కొన్నా ముందు ఆ గుమ్మం దగ్గర ఆపి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించాకే ఇంటికి తెచ్చుకుంటారు. ఊరికి పక్కనే గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ. నా చిన్నతనంలో క్రషింగ్ రోజులొచ్చాయంటే చెరకు బళ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. బడికి వెళ్లే పిల్లలం వెనకనుంచి గడలు లాక్కుని పరుగెత్తేవాళ్లం.

ఆ ఎడ్లబళ్ల మధ్యనుంచి లేత నీలం రంగు కారొకటి సందు చూసుకుని దూసుకొచ్చేది. అది మా నాన్న కారు. పేరు స్టాండర్డ్ హెరాల్డ్.

ఏమిటా కారు గొప్ప?

మీలో చాలామంది ఆ పేరు విని ఉండరు. మనకి తెలిసిన పాత కార్లంటే అంబాసిడర్, ఫియట్. హెరాల్డ్‌ని 1961 నుంచి మద్రాసు శివార్లలోని వండలూరు దగ్గర తయారుచేసేవారు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీవాళ్ల కారు అది. గీసింది మికెలోట్టి అనే ఇటలీ ఆయన. అదే చట్రాన్ని కాస్త కుదించి, 1962లో ఆ కంపెనీ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేసింది. ఆ రోజుల్లో మన దేశంలో ఏ కంపెనీ స్పోర్ట్స్ కారు చేసేది కాదు. విదేశీ కారు తెప్పించుకోవడం సామాన్యుల వల్ల అయ్యే పనీ కాదు. అందుకని ఆ స్పోర్ట్స్ కారుకి అక్కవరసయ్యే హెరాల్డునే మా నాన్న 'నా రేసు కారు' అని మురిసిపోయేవారు. 1974లో ఎవరో వాడి వదిలేసింది కొన్నారు. ఇంజను 948 సీసీ. రేసు మాట దేవుడెరుగు, ఎత్తెక్కాలంటే ఆపసోపాలు పడేది.

కానీ దానికి రెండు వేడుకలుండేవి. ఒకటి, దాని బానెట్. రెండు పక్కలా ఉన్న గొళ్లేలు తీసి ముందుకు వంచితే, మడ్‌గార్డులతో సహా మొసలి నోరు తెరిచినట్టు మొత్తం లేచేది. వీధి పిల్లలంతా మూగేవాళ్లు. రెండోది, అది తిరిగే తీరు. ఇరవై అయిదు అడుగుల జాగా ఉంటే చాలు, ఒక్క తిప్పుతో గిర్రున వెనక్కి తిరిగేది. మా ఇరుకు సందులో నాన్న రివర్సు గేరు వేయకుండానే తిప్పేసి, మీసం మీద చెయ్యి వేసుకునేవారు.

1988లో నా పెళ్లికి ముందు ఆ కారు అమ్మేశారు. పద్ధెనిమిది వేలకి. "కారమ్మి కూతురి పెళ్లి చేశాడు" అని ఊరంతా చెప్పుకున్నారు. ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఖాళీగా ఉన్న ఆ కారు పాక చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

ఇప్పుడు నాన్నకి ఎనభై అయిదేళ్లు. నీటికాసుల జబ్బుతో చూపు మందగిస్తోంది. "పోయిన చూపు రాదమ్మా, ఉన్నది కాపాడుకోవడమే" అన్నారు డాక్టరుగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కాస్త చూపు ఉండగానే అలాంటి కారు కొని, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని గుడికి తీసుకెళ్లాలి. అదీ నా కోరిక. యాభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని, ఆ మాత్రం ధైర్యం ఉంది. చీటీ పాడిన డబ్బు రెండు లక్షలుంది. మావారు "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటకి అర్థం మీకు తెలుసుగా!

అనకాపల్లిలో వంకాయ పాఠం

మొదట అనకాపల్లి. మాకు ఇరవై కిలోమీటర్లకి అటూ ఇటూ. బెల్లం మార్కెట్‌కి పేరుమోసిన ఊరు. అక్కడ బేరాలు చెయ్యడం తెలియనివాళ్లు ఉండరు. ఒక బ్రోకరు ద్వారా ఒక షెడ్డుకి వెళ్లాం. టార్పాలిన్ లాగేసరికి హెరాల్డే! లేత నీలం కాదు గానీ తెలుపు. నా గుండె ఝల్లుమంది. నోరు ఊరుకుంటేనా?

"అచ్చం మా నాన్నగారి కారేనండీ! నా పెళ్లికి అమ్మేశారు. దీనికోసమే తిరుగుతున్నాం" అనేశాను.

అంతే. ఫోనులో లక్షా ఇరవై చెప్పిన మనిషి రెండున్నర అన్నాడు. "ఏటండమ్మగారూ, ఇలాంటి బండి మళ్లీ దొరుకుద్దేటండి? సెంటిమెంటు కదండి" అని నాకే చెప్పాడు.

చూశారా? సంతలో వంకాయలు కొనేటప్పుడు ధర అడక్కముందే "అబ్బ, ఎంత లేతగా ఉన్నాయో!" అంటామా? అనం. పుచ్చులు ఉన్నాయేమో అని మూతి విరుస్తాం. ఆ మాత్రం తెలివి కారు దగ్గర ఏమైపోయిందో నాకే తెలీదు. పాత వస్తువుకి కంపెనీ ధర ఉండదు. అమ్మేవాడు మన కళ్లలోకి చూసి ధర కడతాడు. దిగొచ్చాక మావారు ఒక్క మాటా అనలేదు. బస్టాండులో వేడివేడి టీ ఇప్పించారు. అదే పెద్ద దెప్పు.

విశాఖలో ఫ్రిజ్ అయస్కాంతం

రెండో ప్రయత్నం విశాఖపట్నం. ఈసారి గాజువాక ఆటోనగర్లో తెలిసిన ఒక ముసలి మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్లాం. బయల్దేరేముందు ఆయన ఫోనులో "అమ్మా, ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఉంటే పట్టుకురండి" అన్నాడు. నేను మామిడిపండు బొమ్మ ఉన్నది పట్టుకెళ్లాను.

బీచ్‌కి దగ్గర్లో ఒక బంగళా. కారు తళతళా మెరిసిపోతోంది. నేనీసారి మూతి విరిచే నిలబడ్డాను. మెకానిక్ ఆ మామిడిపండుని తలుపు కింది అంచున పెట్టాడు. జారి కింద పడింది. ఇంకోచోట పెట్టాడు. మళ్లీ పడింది. "రేకు లేదమ్మా ఇక్కడ, అంతా పుట్టీయే. సముద్రం గాలి తినేసింది. పైన రంగు కొట్టారు" అన్నాడు. లోపల పట్టా ఎత్తితే నేల రేకు కన్నాల్లోంచి కింద గడ్డి కనిపిస్తోంది. మేకప్ చూసి పిల్లని ఖాయం చేసుకోబోయినట్టయింది నా పని.

ఆయన ఆ రోజు నేర్పిన సంగతులు మీకూ చెప్తాను, రాసుకోండి. కారే అక్కర్లేదు, రేపు మీ అబ్బాయికి పాత బండి ఏది కొనాలన్నా పనికొస్తాయి.

పాత బండిని ఎప్పుడూ పొద్దున్నే, వెలుతుర్లో చూడాలి. వానలోనూ చీకట్లోనూ సొట్టలు కనిపించవు. ముందుగా బానెట్ మీద చెయ్యి వెయ్యండి. మీరు రాకముందే వేడిగా ఉందంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కాదని అనుమానించాలి. స్టార్టు చేశాక నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగేస్తోందన్నమాట. ఆయిలు పోసే మూత తీసి అడుగున చూడండి. అక్కడ మీగడలాగా తెల్లగా పేరుకుని ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమోనని చూపించుకోవాలి. పట్టాలెత్తి వాసన చూడండి. ముక్క వాసనొస్తే లోపల నీళ్లు దిగుతున్నట్టే. ఇవన్నీ మనకి తెలియని విద్యలేం కావు. బియ్యం, పప్పు, నెయ్యి కొనేటప్పుడు చేసేవే!

ఆయన ఇంకో మాట చెప్పాడు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలం కార్ల రబ్బరు పైపులకీ, వాషర్లకీ అది పడదు. పగుళ్లిస్తాయి, అన్నీ మార్పించుకోవాలి. ఆ ఇథనాల్‌ని చెరకు నుంచి కూడా తీస్తారు. మా చోడవరం చెరకే మా నాన్న కారుకి శత్రువైందన్నమాట. ఎవరికి చెప్పుకుంటాం!

పుట్టింటి ఊరు మద్రాసులో

"ఇక్కడ లాభం లేదు, కారు పుట్టిన ఊళ్లోనే వెతకాలి" అన్నాను. మావారు కళ్లజోడు తీసి నావైపు చూసి, మళ్లీ పెట్టుకున్నారు. రైలెక్కాం.

వండలూరంటే ఇప్పుడు అందరికీ జూయే తెలుసు. ఆటో అబ్బాయిని స్టాండర్డ్ కార్ల సంగతి అడిగితే, మేం ఏ భాష మాట్లాడుతున్నామా అని చూశాడు. తప్పు అతనిది కాదు. హెరాల్డ్ తయారీ 1970ల మొదట్లోనే ఆగిపోయింది. తర్వాత దాన్నే మార్చి గజెల్ అని 1977 దాకా చేశారు. అతను అప్పటికి పుట్టి కూడా ఉండడు. పాత సామాన్లకి పేరుపడ్డ పుదుపేట బజారుకి వెళ్తే, సందు పొడుగునా తలుపులూ, లైట్లూ, సీట్లూ గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. నేను ఒక్కో గుట్ట ముందూ ఆగి హెరాల్డ్ స్టీరింగు కోసం వెతికాను. దొరకలేదు. ఫిల్టరు కాఫీ మాత్రం బ్రహ్మాండంగా దొరికింది.

చివరికి ఒకచోట కారు చూపించారు. పై కప్పు కోసేశారు. ఎర్ర రంగు కొట్టి, లావుపాటి టైర్లు తొడిగారు. "స్పోర్ట్స్ మోడల్ మేడమ్" అన్నాడు అమ్మేవాడు. పాపం, మనవరాలి గౌను తొడిగిన నాయనమ్మలా ఉంది. ఆర్సీ చూస్తే అందులో తెల్ల రంగు, కప్పున్న కారు అని ఉంది. ఇంజను వేరే కారుది. ఆర్సీలో రాసినదానికి తేడాగా బండి రూపం మార్చేస్తే చెల్లదు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు రెండూ కాగితంతో కలవకపోతే ఆ బేరం జోలికే పోకూడదు. నంబరు అరిగిపోయి కనిపించకపోతే దానిమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి, అచ్చు పడుతుంది. చిన్నప్పుడు నాణేలమీద చేసేవాళ్లం, గుర్తుందా?

కాగితాలు అక్కడితో అయిపోవు. వేరే రాష్ట్రం బండైతే అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తేవాలి. పేరు మార్పుకి 29, 30 నంబరు ఫారాలు. మన రాష్ట్రంలో మళ్లీ పన్ను. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటితే ఆ ఫీజు 2025 ఆగస్టు నుంచి 10 వేలు.

"మరి ముసలి కార్లకి వేరే దారి ఉందంటారే?" అని అడిగాను. ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరు ప్లేటులో 'వీఏ' అనే అక్షరాలుంటాయి. కొత్తగా చేయించుకోవాలంటే ఫీజు 20 వేలు. కానీ అలాంటి కారుని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తీసుకెళ్లొచ్చు.

"గుడికి?" అన్నాను.

"గణపతి నవరాత్రుల్లో ప్రదర్శన పెట్టిద్దాంలే" అన్నారు మావారు. తిరుగు రైల్లో ఇద్దరం మాట్లాడుకోలేదు.

కాలికి తగిలిన తీగ

ఇంటికొచ్చిన మర్నాడు పాలు పోస్తూ మా పాలబ్బాయి అన్నాడు. "కారు కోసం మదరాసు ఎల్లారేటమ్మా? వడ్డాది అవతల మావిడి తోటలో ఉంది గదేటి, ఆ మొసలినోరు కారు!"

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. చోడవరం నుంచి వడ్డాది మీదుగా మాడుగుల వెళ్లే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి వెళ్తే పాత తోట. ఈసారి నాన్నని కూడా మా చిన్న మారుతీలో ఎక్కించుకుని వెళ్లాను. ఎందుకో చెప్పలేదు. మా బీఎన్ రోడ్డు మీద వానలు వెళ్లాక ప్రయాణమంటే నడుముకి పరీక్షే. దారిపొడుగునా "నెమ్మది, నెమ్మది" అంటూనే ఉన్నారు.

రేకుల పాకలో ఉందది. టైర్లు నేలలో దిగబడిపోయాయి. వెనకసీట్లో కోడి పొదుగుతోంది. తోట కాపలా మనిషి చెప్పిన సంగతేమిటంటే, కారు ఇంకా చనిపోయిన పెద్దాయన పేరుమీదే ఉంది. వారసులు ముగ్గురు. ఇద్దరు అమ్మేద్దామంటారు, మూడో ఆయన ఒప్పుకోడు. ముందు పేరు మార్పు జరగాలి, దానికి ముగ్గురూ కలవాలి. అంటే ఇదీ కొనగలిగేది కాదు. నాకు అక్కడే కూలబడాలనిపించింది.

నాన్న మాత్రం మెల్లగా కారు దగ్గరికి నడిచారు. చెయ్యి చాచి రేకు తడుముకుంటూ ముందుకు వెళ్లారు. వేళ్లు తిన్నగా బానెట్ పక్కనున్న గొళ్లెం దగ్గర ఆగాయి. వంగి చూడలేదు, వెతకలేదు. "ఇది మన కారులాంటిది కదూ" అన్నారు.

ఇక నేను ఆగలేకపోయాను. "నా పెళ్లి కోసమే కదా నాన్నా మీరు దాన్ని అమ్ముకున్నారు! మళ్లీ కొనిద్దామని మూడు ఊళ్లు తిరిగాను. నావల్ల కాలేదు" అని ఏడ్చేశాను.

నాన్న తెల్లబోయి చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చేదాకా నవ్వారు.

"ఎవరు చెప్పారమ్మలూ నీకు? అప్పటికే దాని చట్రం తుప్పుపట్టి పోయింది. ఒక తలుపు వేస్తే రెండోది ఊడొచ్చేది. ఆ మోడలు చేయడం మానేసి పదిహేనేళ్లు దాటింది, సామాను ఎక్కడా దొరికేది కాదు. కొనేటప్పుడు మీ అమ్మ వద్దంటే వినలేదు. 'చెత్త కొన్నాను' అని ఒప్పుకుంటే జన్మంతా దెప్పేది. నీ పెళ్లి కలిసొచ్చింది. కూతురి కోసం అమ్మానన్న పేరూ వచ్చింది, దాని పీడా వదిలింది. ఆ కొన్నవాడు నాలుగు నెలలకే నన్ను తిట్టుకుంటూ వెళ్లాడు!"

నేను నోరెళ్లబెట్టాను. పెళ్లయిన నాటినుంచీ మోసిన బరువు. ఒక్క మాట ముందే అడిగి ఉంటే అయిపోయేది కదా! కోపం కూడా వచ్చింది. మా అమ్మ ఉండి ఉంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం పెట్టేది కాదు. కానీ ఎంతసేపని కోపం? కోడి "కొక్కొక్కో" అంటూ మా మీదకి రాబోతే ముగ్గురం బయటికి పరుగెత్తాం.

చీటీ డబ్బు నాన్న కంటి వైద్యానికి వేరే ఖాతాలో వేశాను. వేళకి చుక్కలు వేయడం నా పని. పాత కారు కొనొద్దని మీకు చెప్పను. ముచ్చటపడితే కొనుక్కోండి. కానీ ఎవరికోసమైతే కొంటున్నారో, ముందు వాళ్లని ఒక్కసారి అడిగి చూడండి. అయస్కాంతం తర్వాత.

ఆ రోజు తోటనుంచి అటే మాడుగుల వెళ్లాం. గోధుమ పాలతో చేసే అక్కడి హల్వా నాన్నకి ప్రాణం. షుగరుందని ఒక్క ముక్కే ఇచ్చాను. నేను చూడనప్పుడు మావారు రెండోది ఇచ్చారని తర్వాత తెలిసింది. సాయంత్రం చోడవరం వచ్చి గుడి దగ్గర దణ్ణం పెట్టుకుని, మా సందులోకి తిరిగాం. కారు వెనక్కి తిప్పడానికి ముందుకీ వెనక్కీ మూడుసార్లు తంటాలు పడ్డాను. చెమటలు పట్టాయి.

పక్కసీట్లో నాన్న కళ్లు మూసుకునే అన్నారు. "హెరాల్డైతే ఒక్క తిప్పుకే తిరిగేది."